ఊగింది గొంతు కాదు

ఇంతవరకూ నడిచిన సంగతి నాలుగు ముక్కల్లో చెప్పుకుని లోపలికి పోదాం.

పాటల పత్రికలో వారం వారం కొత్త టేపుల మీద తీర్పు చెప్పే మామగారిని, ఆ పత్రిక చదివేవాళ్ళంతా ‘కత్తెర’ అంటారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ కత్తెర పదును తగ్గలేదు, చూపు మాత్రం తగ్గింది. అక్షరం కనపడక రెండేళ్ళుగా ఆయన చెబుతుంటే కోడలు రాస్తోంది. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయిన పిల్ల. “అక్షరం గుండ్రంగా ఉంటుంది, బుర్ర అడ్డురాదు. నాకు కావలసింది అదే” అని ఆయన వచ్చినవాళ్ళకల్లా చెబుతాడు, ఆ పిల్ల టీ గ్లాసులు అందిస్తుండగానే.

నెల కిందట ఒక కుర్ర గాయని మొట్టమొదటి టేపు మీద ఆయన ఇలా రాయించాడు: “ఈ పిల్ల గొంతు తీగ మీద ఆరేసిన తడిబట్ట. గాలి ఎటు వీస్తే అటు ఊగుతుంది. స్వరం మీద నిలబడటం ఈమెకి రాలేదు, ఇక రాదు. ఈమెని పిల్లలకి దూరంగా ఉంచిన బడి బాగుపడుతుంది.” ఆ గాయని అప్పటికే ఒక బళ్ళో పాటల టీచరుగా కొత్తగా చేరి ఉందని ఆయనకి తెలీదు. తెలిసినా ఆ వాక్యం కొట్టివేయించేవాడు కాదు.

ఇవాళ పొద్దున హాల్లో టేపురికార్డరు ఉన్నట్టుండి ఆగిపోయింది. కోడలు దాన్ని సంచిలో వేసుకుని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి, బాగుచేయించుకుని తిరిగొచ్చేసరికి గుమ్మం దగ్గర ఎవరివో చెప్పులు కనపడ్డాయి. అరిగిన మడమలు, కొత్తగా కుట్టించిన పట్టీ.

ఆ చెప్పులు గాయనివి.

లోపల మాటలు వినపడుతున్నాయి గానీ కోడలి కాళ్ళు ముందుకి పడలేదు. సంచిలో పెట్టె బరువుకంటే మెకానిక్ చెప్పిన మాట బరువెక్కువగా ఉంది. అతను మూత విప్పి, చిన్న పట్టకారుతో ఒక నల్లటి రబ్బరు చుట్టని బయటికి లాగి పట్టుకున్నాడు. అది చచ్చిన వానపాములా వేలాడింది.

“ఇదెప్పుడో సాగిపోయిందమ్మా. ఏడాది దాటి ఉంటుంది. ఇందులో ఎవరు పాడినా తాగినవాడి నడకే. ఇవాళ తెగింది కాబట్టి తీసుకొచ్చారు. ఇన్నాళ్ళూ ఎలా విన్నారమ్మా?”

కొత్త బెల్టు వేసి, ఆమె సంచిలో ఉన్న టేపునే పెట్టి చూశాడు. అది పాపని నిద్రపుచ్చే పాట. ఏడాదిన్నర కూతురు మధ్యాహ్నం ఆ పాట లేందే కన్ను మూయదు. రెండు నిమిషాలు విని, కోడలు ‘ఇది నా టేపు కాదు’ అంది. నిజంగానే అనుకుంది. ఆ పాటలో తీయగా ఒక ఊపు ఉండాలి, తొట్టి ఊపినట్టు. ఆ ఊపుకే కదా పాప కన్ను మూసేది! ఇదేమో సూటిగా, నిలబడి పాడుతోంది.

“మీదేనమ్మా, చీటీ మీద రాత చూసుకోండి” అన్నాడు మెకానిక్. తర్వాత పెట్టె తుడుస్తూ, “రివైండ్ ఎక్కువ కొడతారా?” అని అడిగాడు.

“లేదు” అంది కోడలు.

అబద్ధం. రెండు నిమిషాల పాట అది. పాప నిద్రపోవాలంటే ఇరవైసార్లు వెనక్కి తిప్పాలి. రోజూ. మామగారు తన గదిలో కునుకు తీసే వేళ, ముట్టుకోవద్దన్న పెట్టెని ముట్టుకుని, శబ్దం చిన్నది చేసి తిప్పేది.

దారి పొడుగునా ఆమె ఇంకో సంగతి తిప్పుకుంటూ వచ్చింది. మామగారు మెచ్చే పాత కచేరీ విద్వాంసులందరూ రికార్డుల మీద ఉన్నారు. వాళ్ళు ఆయన గదిలో, ముఖమల్ గుడ్డ కప్పిన రికార్డు ప్లేయరు మీద పాడతారు. కొత్తవాళ్ళందరూ టేపుల మీద వస్తారు. వాళ్ళకి హాల్లో ఈ పెట్టె. అంచేత ఏడాదిగా ఈ ఇంట్లో పాతవాళ్ళలో ఒక్కరూ ఊగలేదు, కొత్తవాళ్ళలో ఒక్కరూ నిలబడలేదు. ‘ఈ తరానికి వెన్నెముక లేదు’ అని ఆయన చెప్పాడు, తను రాసింది, పత్రిక వేసింది, జనం తలలూపారు. వెన్నెముక లేనిది రబ్బరుకి.

లోపల మామగారి గొంతు లేచింది.

“రెండోసారి వినే శిక్ష నాకెందుకమ్మా? నేనేం నేరం చేశాను?”

“నేరం సంగతి తర్వాత చూద్దామండి.” గాయని గొంతు. పల్చగా ఉంది కానీ వంగలేదు. “ముందు నేనెక్కడ ఊగానో చూపించండి. ఏ పాట, ఏ చరణం, ఏ మాట?”

“కాలవలో పడ్డవాణ్ణి ఎక్కడ తడిశావని అడుగుతారా ఎవరైనా?”

మూల కుర్చీలో ఉతికిన బట్టలు మడతపెడుతున్న పెద్దత్త కిసుక్కుమంది. ఆవిడ మామగారి అక్క. తమ్ముడికంటే ఆరేళ్ళు పెద్ద, ఆయన్ని ‘ఒరేయ్’ అనగలిగిన మనిషి ఊళ్ళో ఆవిడొక్కతే. “వాడికి ఎవరు పాడినా అంతేలే పిల్లా. నేను చిన్నప్పుడు నాటకాల పాట అందుకుంటే నా గొంతులో గులకరాళ్ళున్నాయన్నాడు. వాడి విద్వాంసులు మాత్రం ఒక్క మాటని పట్టుకుని గంటసేపు నములుతారు. మింగరు, ఉమ్మరు.”

“నాటకాల పాటలు పాటలా అక్కా? టిక్కెట్టు కొన్నవాడు నిద్రపోకుండా వేసే కేకలు.”

“నీ కచేరీలో టిక్కెట్టు కొన్నవాడు నిద్రపోతేనే కదా బాగా పాడినట్టు!”

లోపలి గది తలుపుకి ఆనుకుని మరిది నిలబడి ఉన్నాడు. ఆర్కెస్ట్రాలో డ్రమ్ములు వాయిస్తాడు. కన్నతండ్రే ‘డబ్బాగాడు’ అని పిలుస్తాడు. చేతిలో కర్రలు తొడ మీద టకటకలాడుతూనే ఉంటాయి. “నాన్నా, ఈవిడ టేపు మా ఆర్కెస్ట్రావాళ్ళందరం విన్నాం. ఆ గొంతు గోడకి కొట్టిన మేకులా ఉంది. మీరేం విన్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.”

“నీకర్థం కాదురా. పొద్దస్తమానం డబ్బాలు బాదేవాడి చెవులు జల్లెళ్ళు. గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన!”

“మీ చెవులు అద్దాల బీరువాలో పెట్టాలి. చచ్చినవాళ్ళ పాటలే పడతాయి వాటికి.”

గుమ్మంలో కోడలు కళ్ళు మూసుకుంది. తండ్రి చెప్పేదీ నిజమే, కొడుకు చెప్పేదీ నిజమే. ఒకే టేపుని ఇద్దరూ వేరు వేరు పెట్టెల్లో విన్నారు. నెలరోజులుగా అన్నం దగ్గర కూర్చుని ఒకరి చెవులు ఒకరు పీకుతున్నారు గానీ పెట్టె సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. తరతరాల సంగీతం తెలిసిన కొంప. రబ్బరు తెలీదు.

“చూడండి,” అంది గాయని, “మీ మెప్పు నాకక్కర్లేదు. మీరు మెచ్చుకున్నవాళ్ళని నేనూ విన్నాను. నాకు ఆవలింతలొచ్చాయి. కానీ రేపు పదింటికి మా బళ్ళో కమిటీ కూర్చుంటోంది. మీరు రాసింది కత్తిరించి నా ఫైల్లో అతికించారు. ‘ఆయన మళ్ళీ విని ఒక్క వాక్యం రాసిస్తే ఆగుతాం, లేదంటే నువ్వు వెళ్ళిపో’ అన్నారు హెడ్మాస్టరు. ఆ ఫైలు ఒకసారి మూసేస్తే ఇంకో బడి నన్ను గేటు దాటనివ్వదు. అందుకొచ్చాను. మీ మొహం చూడాలన్న సరదాతో రాలేదు.”

మామగారు పెదవి విరిచాడు. ఇంట్లో అందరికీ తెలిసిన విరుపు అది. కూరలో ఉప్పు తక్కువైనా అదే, పాటలో శ్రుతి తక్కువైనా అదే.

“అమ్మాయ్,” అన్నాడు గుమ్మం వైపు తిరక్కుండానే, “ఎంతసేపు నిలబడతావు అక్కడ? నీ సంచి గోడకి రాసుకుని అయిదు నిమిషాలైంది. పెట్టె బాగయిందా?”

కోడలు ఉలిక్కిపడింది. “అయిందండీ మామయ్యగారూ.”

“మంచి సమయానికి తెచ్చావు. ఈవిడ టేపు పెట్టు. ఊగినచోటల్లా నేను బల్ల మీద వేలితో కొడతాను. ఈవిడ లెక్కపెట్టుకుంటుంది. వంద దాటగానే ఆపేద్దాం. అంతకంటే ఎక్కువ నా వేలు ఓర్చుకోలేదు.”

ఇప్పుడు చెప్పేయొచ్చు. ‘మామయ్యగారూ, ఒక్క మాట’ అంటే చాలు. చెప్పకపోయినా పెట్టే చెబుతుంది కదా అనిపించింది. పిరికివాళ్ళకి ఎప్పుడూ ఏదో ఒక పెట్టె దొరుకుతుంది. ఆమె అరలోంచి టేపు తీసింది. చీటీ మీద తేదీ, గాయని ఊరు, పేరు, అన్నీ తన రాతే. పెట్టి మీట నొక్కింది.

మామగారు వేలు పైకెత్తి సిద్ధంగా ఉంచాడు.

మొదట డ్రమ్ములు మెల్లగా, దూరంగా ఎవరో మెట్లు దిగుతున్నట్టు. వాటి మీద కీబోర్డు ఒక సన్నని గీత. ఆ గీత మీద పిల్ల గొంతు వచ్చి కూర్చుంది. వరస చాలా పాతది, ఎవరి అమ్మమ్మో తన అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నలాంటిది. మాటలు మాత్రం కొత్తవి, బస్సు తప్పిపోయిన ఒక ఆడపిల్ల గురించి. పై స్వరానికి ఎక్కింది. అక్కడ ఆగింది. ఆగి, ఊపిరి ఉన్నంతసేపూ అక్కడే ఉంది.

వేలు గాల్లో ఉంది.

పల్లవి అయిపోయింది. పెద్దత్త చేతిలో మడత సగంలో ఆగిపోయింది. మరిది తొడ మీద కర్రలు ఆగిపోయాయి, ఈ ఇంట్లో అవి ఆగడం కోడలు అదే మొదటిసారి చూడటం. మొదటి చరణంలో ఒక కష్టమైన మలుపు ఉంది. ఎవరు ఊగినా అక్కడ ఊగుతారు. మామగారు మెడ ముందుకి చాచాడు, పిల్లి కలుగు దగ్గర కూర్చున్నట్టు. మలుపు వచ్చింది. వెళ్ళిపోయింది.

రెండో చరణం మధ్యలో ఆ వేలు బల్ల మీదకి కాక ఆయన ఒళ్ళోకి దిగింది.

“ఆపు.”

గాయని ఆయన మొహంలోకే చూస్తోంది.

“ఇది ఆ టేపు కాదు,” అన్నాడు మామగారు. “మళ్ళీ పాడి, మళ్ళీ రికార్డు చేయించి, సంచిలో పెట్టుకొచ్చింది. చూపు ఆననివాడి ముందు టేపు మార్చడం ఎంత పని!”

“ఏమండోయ్!” గాయని లేచి నిలబడింది. “నేను మీ అరల దగ్గరికైనా వెళ్ళానా?”

“అమ్మాయ్, చీటీ చూసి చెప్పు.”

“నా రాతేనండీ. మన టేపే.”

“అయితే నువ్వు మార్చావు. ఆడవాళ్ళిద్దరూ కలిసి నాటకం ఆడుతున్నారు.”

“మార్చింది టేపు కాదండీ మామయ్యగారూ... లోపల బెల్టు.”

“ఏం బెల్టు?”

“రబ్బరు బెల్టండీ. టేపుని తిప్పేది. సాగిపోయిందట. ఏడాది దాటిందట. దాని వల్ల ఎవరు పాడినా ఊగినట్టు వినపడుతుందట. ఇవాళ కొత్తది వేశాడు.” ఒక్క గుక్కలో చెప్పేసింది.

“ఆడలేక మద్దెల ఓడన్నారట!” అని నవ్వబోయాడు మామగారు.

“ఇక్కడ నిజంగానే మద్దెల ఓడురా తమ్ముడూ,” అంది పెద్దత్త.

మరిది ముందుకొచ్చాడు. “ఆగండాగండి. పెట్టె ఊగితే గొంతు ఒక్కటే ఎందుకు ఊగుతుంది? వెనక కీబోర్డు కూడా ఊగుతుంది కదా. కీబోర్డు కరెంటు మీద నడిచేది నాన్నా. మెట్టు నొక్కితే ఎక్కడ పెట్టిన స్వరం అక్కడే ఉంటుంది. అది ఊగుతోందంటే పసిపిల్లాడు కూడా పెట్టె మీద ఒక్కటిస్తాడు. మీకెందుకు తెలీలేదు?”

“నేను దాన్ని వినను.”

“అంటే?”

“కరెంటు పెట్టెల మోత నేను వినను. గొంతు ఒక్కటే వింటాను. మిగతా చెత్త నా చెవి బయటే ఆగిపోతుంది. ముప్ఫై ఏళ్ళుగా అదే నా పద్ధతి.” ఆ మాట ఆయన గర్వంగా అనబోయాడు. మధ్యలో ఆ గర్వానికి కాలు బెణికింది.

గాయని చిన్నగా, ఏ సంతోషమూ లేకుండా నవ్వింది. “అంటే సగం పాట విని పూర్తి తీర్పిచ్చారన్నమాట.”

కోడలికి ఆ క్షణం ఆయన మీద జాలి పుట్టాలి. పుట్టలేదు. రెండేళ్ళుగా తను రాసిన తిట్లన్నీ గుర్తొచ్చాయి. ఒక్కొక్కటీ ఎంత మురిసిపోతూ చెప్పేవాడో, ‘ఇది బాగుంది, కింద గీత గియ్యి’ అని. ఆ గీతలూ తనే గీసింది, స్కేలు పెట్టి మరీ.

మామగారు ఊరుకునే మనిషి కాదు. తప్పు తన గుమ్మంలోకి వస్తే దాన్ని పక్కింటికి పంపాలి ఆయనకి. “బెల్టు ఊరికే సాగదు. నేను వారానికి రెండు టేపులు వింటాను. ఒక్కసారి విన్నది మళ్ళీ తిప్పను. ఎవరు తిప్పారు?”

“నేనేనండీ. పాప నిద్రపోవడానికి... మధ్యాహ్నాలు.”

“ఏ పాట?”

ఆ సమయంలో కూడా ఆయనకి ఏ పాటో కావాలి! కోడలు చెప్పింది. ఆయన మొహం చేదు మాత్ర మింగినట్టయింది. “ఆ పాటకా? ఆ బొమ్మల దుకాణం పాటకా? ఒక మంచి కృతి విని సాగినా కొంత గౌరవంగా ఉండేది. ఆ చెత్త కోసం నా పేరు గంగలో కలిపావా?”

“పసిపిల్ల నిద్రకి రబ్బరు సాగింది సరే,” అంది పెద్దత్త, “నీ బుద్ధి ఎందుకు సాగిందిరా? ఊరివాళ్ళందరూ కట్టగట్టుకుని ఒకేసారి ఊగుతుంటే నేల ఊగుతోందేమో అని చూసుకోవద్దూ?”

లోపలి గదిలో పాప కదిలి మూలిగింది. పెద్దత్త గొణుక్కుంటూ లేచి అటు వెళ్ళింది. మామగారు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. వీపు నిటారైంది. ఆ నిటారుతనం చూసి కోడలికి భయం వేసింది. ఆయన కొత్త తీర్పు చెప్పే ముందు అలాగే కూర్చుంటాడు.

“కాగితం తియ్యి. రాయి. ‘నా విమర్శ చదివిన తర్వాత ఈ గాయని గట్టిగా సాధన చేసింది. తన లోపాలు సరిదిద్దుకుంది. ఇప్పుడు ఈమె పిల్లలకి పాట నేర్పడానికి పనికొస్తుంది.’ కింద నేను సంతకం చేస్తాను. నువ్వు రేపు పదింటికి తీసుకెళ్ళి ఆ కమిటీ మొహాన కొట్టమ్మా. బదులుగా ఆ రబ్బరు ముక్క సంగతి ఈ గది దాటకూడదు.”

“నేను సరిదిద్దుకున్నానా?” గాయని గొంతు మొదటిసారి వణికింది. “అదే టేపు కదండీ! నెల కిందట పాడిందే కదా!”

“ఆ సంగతి బడివాళ్ళకెందుకు? నీకు కావలసింది వాక్యం. ఇస్తున్నాను.”

“మిగతావాళ్ళ సంగతేంటి నాన్నా?” అన్నాడు మరిది. “ఏడాదిలో మీరు కోసిన గొంతు ఈవిడ ఒక్కర్తిదేనా?”

“వాళ్ళెవరూ మన గుమ్మం తొక్కలేదు.”

“ఛీ.” మరిది కర్రలు చంకలో పెట్టుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. మెట్ల మీద అతని అడుగుల్లో కూడా తాళం తప్పింది.

గుమ్మం తొక్కలేదు. నిజమే. ఉత్తరం మాత్రం వచ్చింది. అక్కాచెల్లెళ్ళిద్దరు కలిసి పాడిన టేపు మీద ‘ఇద్దరూ కలిసి ఊగారు, ఐకమత్యం మెచ్చుకోదగ్గది’ అని రాయించాడాయన. రెండు నెలలకి వాళ్ళ తండ్రి దగ్గర్నుంచి కార్డు. పెద్దది ఊలు అల్లికలకి కుదిరిందని, చిన్నది ఇంట్లో కూనిరాగం కూడా తియ్యడం లేదని, మీకు కోపం తెప్పించినందుకు క్షమించమని. కోడలు ఆ కార్డు చదివి వినిపిస్తే, ‘తెలివైన తండ్రి’ అని పారెయ్యమన్నాడు. ఆ కార్డు ఆమె పారెయ్యలేదు. అలాగని ఏమీ చెయ్యనూ లేదు. దాచుకుంది, అంతే. దాచుకున్నంత మాత్రాన తనేదో మంచిదాన్ననుకుంది. ఇప్పుడు తలచుకుంటే తన మీద తనకే రోత పుట్టింది.

“అక్కా,” గాయని కిటికీ వైపు తిరిగి, బయట గోడ చూస్తూ అంది, “రాసెయ్యక్కా. ఆయన చెప్పిందే రాసెయ్యి. నాకు రేపటికి కావాలి. అబద్ధమైతే మాత్రం ఏం, ఆయన రాసినవన్నీ నిజాలా?”

కోడలు కాగితం తీసింది.

మామగారు ఒక్కో ముక్కా మళ్ళీ చెప్పాడు, తూచి తూచి. కోడలి కలం కదిలింది. చెవిలో ఒక వాక్యం పడుతుంటే చేతి కింద ఇంకో వాక్యం వస్తోంది. తొలిసారి ఆ గుండ్రటి అక్షరాలకి బుర్ర అడ్డొచ్చింది. మొదటి రెండు మాటలు నెమ్మదిగా పడ్డాయి. తర్వాత ఎక్కడలేని వేగం వచ్చింది. పెట్టె గురించి, బెల్టు గురించి, ఏడాది గురించి. ఊగింది గొంతు కాదు అని. గాయని పేరుతో పాటు ఆ అక్కాచెల్లెళ్ళ పేర్లూ వచ్చాయి. ఆ పేర్లు ఆమె ఎవర్నీ అడక్కుండా రాయగలిగింది.

“అయిందా? చదువు.”

కోడలు కాగితం ఎత్తి పట్టుకుని చదివింది. ఆయన చెప్పిన మూడు వాక్యాలూ, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. “నా విమర్శ చదివిన తర్వాత ఈ గాయని గట్టిగా సాధన చేసింది...” గొంతు ఎక్కడా వణకలేదు. అది ఆమెకే వింతగా అనిపించింది.

“ఊఁ. బాగుంది. చెయ్యి పట్టు.”

ఆయన వేళ్ళు పట్టుకుని సంతకం చేసేచోట ఆనించింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు, చూపు అక్కర్లేదు ఆ సంతకానికి. చివర ఒక మెలిక తిప్పి కింద గీత గీశాడు. గాయని కిటికీ దగ్గర్నుంచి వచ్చి చెయ్యి చాచింది.

కాగితం మీంచి మామగారి చెయ్యి లేవలేదు.

“ఆగమ్మా. తొందరెందుకు?” ఆయన తల పక్కకి వాల్చాడు, దూరంగా వస్తున్న స్వరాన్ని పట్టుకునేవాడిలా. “అమ్మాయ్, నేను చెప్పింది మూడు వాక్యాలు.”

“అవునండీ.”

“రెండేళ్ళుగా నీ కలం చప్పుడు వింటున్నాను. మూడు వాక్యాలకి ఎంత నడుస్తుందో నాకు తెలుసు. నేను నోరు మూసిన తర్వాత కూడా నీ కలం నడిచింది. చాలాసేపు. కాగితం తిప్పిన చప్పుడు కూడా అయింది.” ఆ మాటలంటుంటే ఆయన మొహంలో సంతోషంలాంటిది వచ్చింది. పోయిందనుకున్న చెవి తిరిగి దొరికిన సంతోషం. “రబ్బరు ముక్క నన్ను మోసం చేసిందేమో గానీ, నువ్వు చెయ్యలేవు. అక్కా! ఒకసారి ఇలా రా.”

పెద్దత్త భుజాన పాపని వేసుకుని వచ్చింది. మామగారు లేచి నిలబడి, కాగితాన్ని ఆవిడ వైపు చాచాడు.

“చదువు. నేను చెప్పింది ఉందా, ఇంకేమన్నా ఉందా? పైకి చదువు.”

గాయనికి ఏమీ అర్థం కాక ఒకరి మొహం నుంచి ఒకరి మొహానికి చూస్తోంది. సంతకం ఉన్న కాగితం అది. రేపు పదింటికి ఆమెకి ఉన్న ఒకే ఒక్క కాగితం.

పెద్దత్త పాపని కోడలికి అందించి, కాగితాన్ని కిటికీ వెలుగుకి పట్టుకుంది. పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేదు. ముందు వైపు పూర్తయింది. వెనక్కి తిప్పింది. కింద సంతకం దాకా వచ్చింది. తర్వాత తల ఎత్తి కోడలి వైపు చూసింది. అది మెచ్చుకోలో మండిపాటో కోడలికి అందలేదు. ఆ ఇంట్లో ఆవిడ మొహం చదవడం మాత్రం ఎవరికీ రాదు.

“పైకి చదవమన్నానా?” అన్నాడు మామగారు.

“పైకే చదువుతానురా,” అంది పెద్దత్త. “నువ్వు ముందు కూర్చో.”